పైకప్పు లేని నాలుగు సీట్లు: ట్రావెలర్ ఎయిర్ రాఫ్ట్ మీద ఒక రిఫరీ రివ్యూ

ఈ రివ్యూ ఒక పేరా గురించి. పుస్తకం గురించి కాదు, ఆట మొత్తం గురించి కూడా కాదు, సరిగ్గా ఒక్క పేరా గురించి. ట్రావెలర్ అనే సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ 1977లో వచ్చింది: ఆటగాళ్లు తలా ఒక పాత్ర అయి, పాచికలు వేస్తూ కథ నడుపుతారు, మిగతా ప్రపంచాన్నంతా నడిపేవాడు రిఫరీ, మా ఆటలో అది నేను. ఒక పెట్టె, అందులో మూడు చిన్న నల్ల పుస్తకాలు. మూడో పుస్తకంలో వాహనాల మధ్య ఎయిర్ రాఫ్ట్ అనే ఎగిరే బండి ఉంటుంది. నా దగ్గరున్నది 1981లో సవరించి వేసిన ముద్రణ. నేను నడిపిన ఆటల్లో మావాళ్లు అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎక్కిన వాహనం ఇదే. నేను అన్నిటికన్నా ఎక్కువగా తిట్టుకున్నదీ దీన్నే.

ముందు ఆ పేరాలో ఏముందో నా మాటల్లో చెప్తాను. నాలుగు టన్నుల బండి, ఖరీదు ఆరు లక్షల క్రెడిట్లు. గురుత్వాకర్షణను రద్దు చేసే మాడ్యూళ్లతో పైకి లేస్తుంది, వాటితోనే ముందుకెళ్తుంది. మామూలుగా నాలుగు మాడ్యూళ్లుంటాయి, దేని పని దానిదే కాబట్టి అన్నీ ఒకేసారి చచ్చిపోయే ప్రమాదం తక్కువ. వేగం గంటకు 100 కిలోమీటర్లు, కొన్ని బండ్లు 120 దాకా వెళ్తాయి. నలుగురు మనుషులు, నాలుగు టన్నుల సరుకు. దూరానికి పరిమితి అంటూ లేదు, పది వారాలకోసారి అంతరిక్షపు ఓడ పవర్ ప్లాంట్ దగ్గర ఇంధనం నింపుకుంటే చాలు. గాలికి బాగా లొంగుతుంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలవదు. చాలావాటికి అసలు పైకప్పే ఉండదు.

అంతే. బొమ్మ లేదు, కొలతలు లేవు, సీట్లు ఎటు తిరిగి ఉంటాయో లేదు. మాటల విషయంలో పిల్లికి కూడా బిచ్చం పెట్టని రచన. ఇంత చిన్న పేరా ఇన్నేళ్లు ఎందుకు పనికొచ్చిందో, ఎక్కడ చేతులెత్తేసిందో చెప్పాలన్నదే నా ఉద్దేశం. ఇలాంటి బండిని సొంతంగా డిజైన్ చేసుకునేవాళ్లకి కూడా ఇందులో కాస్త సరుకు దొరుకుతుంది.

నా ఉద్యోగం గురించి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే కింద వచ్చే లెక్కల పిచ్చి అర్థం కాదు. నేను ఏసీ డక్టులు డిజైన్ చేస్తాను. గాలి ఏ వేగంతో పోతోంది, ఎంత తోస్తోంది, ఎక్కడ సుడి తిరుగుతోంది, ఇదే నా రోజంతా. అలాంటి మనిషి చేతికి పైకప్పు లేని ఎగిరే బండి వస్తే ఏం చేస్తాడు? మూత పెట్టేస్తాడు. నేనూ అదే చేశాను. మొదటి రెండేళ్లు మా ఆటలో ఎయిర్ రాఫ్ట్‌కి గాజు మూత ఉండేది, లోపల హీటర్ ఉండేది, ఒక పాత్ర అందులో నిద్ర కూడా పోయేది. మావాళ్లు "స్టేషన్ నుంచి గనికి వెళ్తున్నాం" అనేవాళ్లు, నేను "చేరారు" అనేవాణ్ణి. ఆరు లక్షల క్రెడిట్ల బండిని ఆటో కింద మార్చేశామని అప్పట్లో వాళ్లకీ నాకూ తెలియలేదు.

ఒకరోజు డాక్టర్ పాత్ర ఆడే అమ్మాయి పుస్తకం తెరిచి, ఆ పేరా చదివి, "అన్నా, దీనికి పైకప్పు లేదని రాసుందిగా, మరి మనకెందుకుంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ పూటే మూత తీసేశాను. అప్పుడు వాళ్లు దిగబోతున్న గ్రహం వాతావరణం అంకె 7.

ట్రావెలర్ ఆడనివాళ్ల కోసం చెప్పాలంటే, అందులో ప్రతి గ్రహాన్నీ ఒక అంకెల వరసతో రాస్తారు. సైజు ఒక అంకె, గాలి ఒక అంకె, నీళ్లు ఒక అంకె, ఆపైన జనాభా, ప్రభుత్వం వగైరా. గాలి అంకె 6 అంటే మామూలు గాలి, 5 పల్చటిది, 8 చిక్కటిది. 4, 7, 9 అయితే గాలిలో ఏదో కల్తీ ఉన్నట్టు, ముక్కుకి ఫిల్టర్ మాస్క్ లేకుండా తిరగకూడదు. 2, 3 మరీ పల్చన. 0, 1 అయితే ఇక స్పేస్‌సూట్ తప్ప దారి లేదు. మూత ఉన్న బండిలో కూర్చున్నప్పుడు ఈ అంకె నా కాగితం మీద ఉండే ఒక గుర్తు మాత్రమే. మూత తీసేసిన రోజున మాత్రం మా పైలట్ మొదటి ప్రశ్న "మాస్కులు ఎన్ని ఉన్నాయి?" అని. మూడే ఉన్నాయి. మనుషులు నలుగురు. తర్వాతి ముప్పావు గంట మేం ఆ మూడు మాస్కుల గురించే ఆడాం, నేను రాసుకున్న గని కథ అలాగే పక్కన ఉండిపోయింది.

ఈ పేరా గొప్పతనం నాకు తెలిసి ఇదొక్కటే, కానీ చిన్నదేం కాదు. పైకప్పు లేకపోవడం వల్ల గ్రహం అంకెలన్నీ పాత్రల ఒంటికి తగులుతాయి. సైజు అంకె కూడా తప్పించుకోదు: ఆ అంకె ఎంతో అన్ని గంటల్లో ఎయిర్ రాఫ్ట్ కక్ష్యలోకి చేరుతుందని నియమం. భూమి లాంటి గ్రహానికి సైజు 8, అంటే ఎనిమిది గంటలు. లోపలున్నవాళ్లు స్పేస్‌సూట్లు తొడుక్కునే కూర్చోవాలి. ఎనిమిది గంటలు, తెరిచిన బండిలో, కాళ్ల కింద నేల చిన్నదైపోతూ. ఈ దృశ్యం మీద మేం ఒక సాయంత్రం మొత్తం ఆడాం, ఒక్క పాచిక కూడా వేయలేదు.

అయితే ఈ కక్ష్య నియమం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. గంటకు 100 కిలోమీటర్ల చొప్పున ఎనిమిది గంటలు నిట్టనిలువుగా ఎక్కితే 800 కిలోమీటర్ల ఎత్తు వస్తుంది. అక్కడిదాకా బాగానే ఉంది, లెక్క ముచ్చటగా కుదిరింది. కానీ కక్ష్య అంటే ఎత్తు ఒక్కటే కాదు, అడ్డంగా వెళ్లే వేగం కూడా. భూమి చుట్టూ 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సెకనుకు 7.6 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంటుంది, గంటకు చెప్పాలంటే 27,000 కిలోమీటర్లు దాటుతుంది. మన ఎయిర్ రాఫ్ట్ అక్కడికి చేరి నిలబడితే, కలవాల్సిన ఓడ తుపాకీ గుండు కన్నా చాలా రెట్ల వేగంతో పక్కనుంచి దూసుకుపోతుంది. గురుత్వాకర్షణ రద్దు చేసే యంత్రం ఉంది కాబట్టి పడిపోకుండా నిలవడం ఒప్పుకుంటాను. కానీ ఓడలోకి మారేదెలా? నా పరిష్కారం సాదాగా ఉంది: ఓడే వేగం తగ్గించుకుని, తన ఇంజన్ మీద నిలబడి, బండిని అందుకోవాలి. దానివల్ల ఓడ పైలట్‌కి కూడా పని దొరికింది.

నేలకి దగ్గరగా ఉన్నప్పుడు జరిగేది ఇంకా సరదా. గంటకు 100 చొప్పున నిలువునా ఎక్కితే మూడున్నర నిమిషాల్లోపే ఐదున్నర కిలోమీటర్లు దాటేస్తాం. భూమి మీదైతే అక్కడ గాలి ఒత్తిడి నేల మీదున్న దాంట్లో సగం. అమెరికా విమాన నియమాల ప్రకారం ఒత్తిడి నిలవని విమానంలో 14,000 అడుగులు, అంటే సుమారు 4,270 మీటర్లు దాటితే పైలట్ ఆక్సిజన్ పెట్టుకోవాల్సిందే. ఆ ఎత్తుకి మన బండికి రెండున్నర నిమిషాలు చాలు. పన్నెండు నిమిషాలు కాకముందే 19 కిలోమీటర్లు వస్తుంది, అక్కడ ఒంటి వేడికే నీళ్లు మరుగుతాయి. "కొంచెం పైకి వెళ్లి చూద్దాం" అనే మాట మా టేబుల్ దగ్గర ఇప్పుడు ఎవరూ తేలిగ్గా అనరు.

చలి సంగతి వేరే. కిలోమీటరుకి ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. నేల మీద 20 డిగ్రీల హాయి ఉంటే మూడు కిలోమీటర్ల ఎత్తున సున్నా. దానికి గంటకు 100 కిలోమీటర్ల ఎదురుగాలి తోడైతే ఒంటికి అది మైనస్ 10 లా తగులుతుంది. చేతి తొడుగులు లేకుండా స్టీరింగ్ పట్టుకునే పైలట్‌కి నేను పాచిక మీద ఒకటి తగ్గిస్తాను. మా పైలట్ దీన్ని రెండుసార్లు మర్చిపోయాడు, మూడోసారి చొక్కా జేబులోంచి నిజం తొడుగులే తీసి టేబుల్ మీద పెట్టాడు.

ఇక గాలి దగ్గరికి వద్దాం, ఇది నా ఏరియా. గంటకు 100 అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. నేల మట్టంలో ఆ వేగం పుట్టించే ఒత్తిడి సుమారు 470 పాస్కల్స్. డక్టుల పనిలో 500 పాస్కల్స్ దాకా మేం లో-ప్రెషర్ అంటాం, రేకు డబ్బాకి అది లెక్కలోనే లేదు. మనిషికి మాత్రం లెక్కే. ఒక ఏ3 కాగితం మీద మ్యాప్ గీసుకుని గాలికి ఎదురుగా చాచి పట్టుకుంటే ఆరు కిలోల బరువు తోసినట్టుంటుంది. అద్దం పైకి నడుము దాకా లేచి నిలబడితే పన్నెండు కిలోల పైచిలుకు. ఇది ఊరికే చెప్పట్లేదు. ఒకసారి పైన తెరిచిన జీపులో గంటకు 60 మీద వెళ్తూ, పరీక్ష పేరుతో నిజంగానే ఒక ఏ3 కాగితం పట్టుకుని లేచాను. కాగితం చిరిగిపోయి మొహానికి చుట్టుకుంది, డ్రైవరు నన్ను కూర్చోమని అరిచాడు. 60 నుంచి 100 కి పోతే ఒత్తిడి దాదాపు మూడు రెట్లు. అందుకే మా ఆటలో కదులుతున్న ఎయిర్ రాఫ్ట్‌లో మ్యాప్ చూడాలంటే బండి ఆపాలి, లేదా కింద దాక్కోవాలి.

ఈ 100 అంకెని మొదట్లో నేను తప్పు పట్టాను. నక్షత్రాల మధ్య ఎగిరే కాలంలో ఈ నత్తనడక ఏంటని. ఇప్పుడు పూర్తిగా ఒప్పుకుంటున్నాను, తెరిచిన బండికి అంతకు మించిన వేగం ఇచ్చినవాళ్లు లెక్క చేసి ఉండరు. 200 దగ్గర తోపు నాలుగు రెట్లు, 300 దగ్గర తొమ్మిది రెట్లు. 300 మీద ఎవడైనా లేచి తుపాకీ గురిపెడితే నిలబడటానికి కాళ్లు చాలవు. చాలా కొత్త ఆటల్లో మనుషులు ఓపెన్ బండ్లలో గంటకు 500 మీద జుట్టు చెదరకుండా మాట్లాడుకుంటూ ఉంటారు, నాకు చూస్తేనే చెవులు నొప్పి పుడతాయి. చిక్కటి గాలి ఉన్న 8వ అంకె గ్రహం మీదైతే 100 కూడా ఎక్కువే. గాలి రెండింతలు చిక్కగా ఉంటే తోపూ రెండింతలు.

గాలికి బాగా లొంగుతుంది అన్న వాక్యం ఈ పేరాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. అన్నిటికన్నా కోపం తెప్పించేదీ అదే. ఎంత లొంగుతుందో ఒక్క అంకె లేదు. నేను పెట్టుకున్న రూల్ ఇది. ప్రయాణానికి ముందు రెండు పాచికలు వేసి ఐదుతో గుణిస్తాను, అది గాలి వేగం: 10 నుంచి 60 మధ్య. మూడో పాచిక దిక్కు చెప్తుంది: 1, 2 ఎదురుగాలి, 3, 4 పక్కగాలి, 5, 6 వెనకగాలి. 200 కిలోమీటర్లు వెళ్లాలనుకుందాం, గాలి 60 పడింది. ఎదురైతే నేల మీద వేగం 40, ఐదు గంటల ప్రయాణం. వెనకైతే 160, గంటంబావు. పక్కనుంచి వస్తే ముక్కు కాస్త గాలివైపు తిప్పి పోవాలి, 80 మిగులుతుంది, రెండున్నర గంటలు. మూడు పాచికలతో ఒకే దారికి గంటంబావు, ఐదు గంటలు రెండూ సాధ్యమయ్యాయి. వెంబడిస్తున్న బండి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇంకో చిత్రం ఉంది. బండిని ముందుకి నడపడం ఆపి గాలితో పాటు కొట్టుకుపోతే లోపలున్నవాళ్లకి గాలే తగలదు. వేడిగాలి బెలూన్ బుట్టలో ఎక్కినవాళ్లకి ఇది తెలుసు, పెనుగాలిలో కూడా బుట్టలో కొవ్వొత్తి రెపరెపలాడదు. మావాళ్లు ఒకసారి తుపాను ముందు గాలిలో గాయపడ్డ మనిషికి కుట్లు వేయాల్సి వచ్చింది. డాక్టర్ ఈ ఉపాయం పట్టేసింది. "ఆపేయ్, కొట్టుకుపోనీ" అంది. పైలట్ "ఎటు పోతాం?" అన్నాడు. "కుట్లు అయ్యాక చూద్దాం" అంది. వాళ్లు కొండ వైపు పోతున్నారని నాకు మాత్రమే తెలుసు.

ఇక డిజైన్. పేరాలో లేనిది మనం గీసుకోవాలి. ఇక్కడ టన్ను అనే మాట చాలామందిని ముంచుతుంది. ట్రావెలర్ ఓడల లెక్కలో టన్ను బరువు కాదు, చోటు: ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ పట్టే జాగా, సుమారు 14 ఘనపు మీటర్లు. డెక్ ప్లాన్ మీద, అంటే ఓడ లోపలి పటం మీద, ఒకటిన్నర మీటర్ల గడులు రెండు. అంటే నాలుగు టన్నుల ఎయిర్ రాఫ్ట్ ఓడ గ్యారేజీలో ఎనిమిది గడులు తింటుంది: ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. అదే పేరాలో సరుకు నాలుగు టన్నులన్నది మాత్రం బరువే అయ్యుండాలి, లేకపోతే బండి తనంత బండిని తనమీదే మోయాలి. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండటానికి ఇదేమీ పుష్పక విమానం కాదు. ఈ రెండు టన్నుల గొడవని ఒక్క వాక్యంతో తేల్చి ఉంటే బాగుండేది. ఒకసారి ఆన్‌లైన్‌లో పైకప్పు లేని ఎగిరే బండి పేపర్ మోడల్ ఒకటి కొన్నాను, అమ్మినవాళ్లు ఎవరో వదిలేద్దాం. కత్తిరించి, అంటించి, గడుల మీద పెడితే నాలుగు మీటర్లే వచ్చింది. నా బొమ్మలు నలుగురూ పిల్లల ట్రైసైకిల్ మీద కూర్చున్న పెళ్లివారిలా కనిపించారు.

ఆరు బై మూడు గీసుకున్నాక నా పెన్సిల్ ముందు అద్దం దగ్గరే ఆగుతుంది. ముందు అద్దం ఒక్కటే ఉన్న ఓపెన్ కారు ఎక్కినవాళ్లకి తెలుసు, గాలి ముందు నుంచి కాదు, వెనక నుంచి మెడ మీద కొడుతుంది. అద్దం మీదుగా దూకిన గాలి దాని వెనక ఖాళీ చోట్లోకి సుడి తిరిగి వస్తుంది. అందుకే అలాంటి కార్లకి సీట్ల వెనక ఒక చిన్న జాలీ తెర పెడతారు. మా ఎయిర్ రాఫ్ట్‌కి ముందు సీట్ల వెనక నేను అలాంటి తెర గీశాను, నడుము ఎత్తున, మడిచేలా. ఆ తెర ఒక్కదాని చుట్టూ ఎన్ని జరిగాయో: దాన్ని విప్పి స్ట్రెచర్ చేశారు, దాని మీద బట్టలు ఆరేశారు, ఒకసారి దాన్ని అడ్డం పెట్టుకుని పేకాడారు.

వాన లెక్క ఇంకా అందంగా ఉంటుంది. పెద్ద చినుకు సెకనుకు తొమ్మిది మీటర్ల వేగంతో రాలుతుంది, బండి 28 తో పోతుంటుంది. అంటే లోపలున్నవాళ్లకి వాన పైనుంచి కాక ఎదురుగా, దాదాపు అడ్డంగా వస్తున్నట్టే. అద్దం పై అంచు నుంచి వెనక్కి ఒక మీటరు వచ్చేసరికి చినుకు ముప్పై సెంటీమీటర్లే దిగుతుంది. అద్దం తలకన్నా ముప్పై సెంటీమీటర్లు పైకి ఉంటే ముందు సీటులో ఉన్నవాళ్లు తడవరు. వెనక సీటు రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే అక్కడికి చినుకు ఎనభై సెంటీమీటర్లు దిగిపోతుంది, వెనకున్నవాళ్లు ఛాతీ దాకా ముద్ద. అసలు మజా ఏంటంటే, బండి ఆగిన క్షణంలో అందరూ సమానంగా తడుస్తారు. ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడు మా పైలట్ "సార్, కాస్త కదులుతూ మాట్లాడుకుందామా" అని అడిగాడు. ఆ పోలీసు పాత్ర నేనే కాబట్టి ఒప్పుకోక తప్పలేదు.

పక్క గోడల ఎత్తు గురించి ఎవరూ పట్టించుకోరు. మోకాలి ఎత్తు గోడ గీస్తారు, బొమ్మలో అందంగా ఉంటుంది కాబట్టి. నిలబడ్డ మనిషి బరువు కేంద్రం నేలకి సుమారు మీటరు ఎత్తున ఉంటుంది, అంతకన్నా కిందున్న గోడ మనిషిని ఆపదు, కాలికి అడ్డుపడి తలకిందులు చేస్తుంది. బాల్కనీ రెయిలింగులు ఛాతీ కిందదాకా రావడానికి కారణం అదే. నేను గోడ అరవై సెంటీమీటర్లు, దాని మీద గొట్టం రెయిలింగ్ 1.1 మీటర్ల దాకా పెట్టాను. గోడ చాటున వంగి కాల్చుకోవచ్చు, రెయిలింగుకి తాడు కట్టుకోవచ్చు. నాలుగు సీట్లూ ముందుకే చూడాలని లేదు. వెనక రెండూ పక్కలకి తిప్పాను. దాంతో ముందు చూసేవాడు, ఎడమ చూసేవాడు, కుడి చూసేవాడు, నడిపేవాడు అని నలుగురికీ తలా ఒక పని వచ్చింది. మూత ఉన్న బండిలో ముగ్గురు ప్రయాణికులే.

పడిపోతే? 300 మీటర్ల ఎత్తు నుంచి నేల చేరడానికి ఎనిమిది, తొమ్మిది సెకన్లు. ట్రావెలర్‌లో పోరాటపు రౌండు ఒకటి 15 సెకన్లు. అంటే ఎవరైనా పడితే మిగతావాళ్ల వంతు వచ్చేలోపే కథ ముగిసింది. అదే రౌండులో బండి 400 మీటర్ల పైన కదిలిపోతుంది, మొదటి పుస్తకంలో తుపాకులకి అతి దూరం అని రాసిన చోటు నుంచి ముక్కుకి ముక్కు తగిలే దాకా ఒక్క రౌండులో వచ్చేస్తుంది. నడిచే మనుషుల కోసం రాసిన పోరాటపు రూల్స్ ఇక్కడ చిత్తు. నేను బండ్లు ఉన్నప్పుడు రౌండుని ఐదు సెకన్లకి కోసేశాను, పడ్డవాడిని పట్టుకోవడానికి కిందకి దూకే పైలట్‌కి ఒక అవకాశం దొరికేలా. కష్టమే, రెండు పాచికల మీద 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి, ఆరుసార్లకి ఒకసారి. బెల్టు పెట్టుకోండి అని చెప్పడం నాకు తేలిక, మావాళ్లు వినరు.

నాలుగు మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అన్న మాటలో ఎంత ఆట దాగుందో నాకు చాలా ఆలస్యంగా తట్టింది. నాలుగు మూలలా నాలుగున్నాయనుకోండి. ఒక మూలది చచ్చింది. మిగిలిన మూడు మోస్తాయిగా అనిపిస్తుంది, మోయవు. బరువు సరిగ్గా మధ్యలో ఉంటే, చచ్చినదానికి ఎదురు మూలది ఏమాత్రం ఎత్తినా బండి చచ్చిన వైపుకి ఒరుగుతుంది. అది చేతులు కట్టుకుని కూర్చోవాలి, మోతంతా మిగిలిన రెండిటి మీదే. డ్రోన్లు ఎగరేసేవాళ్లకి ఒక రెక్క పోతే ఏమవుతుందో అనుభవమే. ఎదురు మూలని వాడుకోవాలంటే బరువు అటు జరగాలి.

మా వాళ్లకి ఇది జరిగింది. డ్రిల్లింగ్ సామాను నాలుగు టన్నులు, వాన, 300 మీటర్ల ఎత్తు, గోరుచుట్టు మీద రోకటిపోటులా వెనక ఎడమ మాడ్యూల్ పోయింది. ఒక్కో మాడ్యూల్ మూడు టన్నులు మోస్తుందని ముందే చెప్పి ఉన్నాను. బండి బరువు కూడా నాలుగు టన్నులే అనుకున్నాం, సరుకు నాలుగు, మనుషులు మూడు వందల కిలోలు. రెండు మాడ్యూళ్లు ఆరే మోస్తాయి. డాక్టర్ కాగితం మీద గీసి చూసింది. రెండు టన్నుల మూడు వందల కిలోలు కిందకి తోసేయాలి, లేదా సరుకు మొత్తాన్ని ముందు కుడి మూల వైపు సుమారు రెండు మీటర్లు జరపాలి. "పెట్టెలు ఒక్కోటి ఎంత బరువు?" అని అడిగింది. రెండు వందల కిలోలు అన్నాను. ఇరవై పెట్టెలు. నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పైలట్ "నేను లేవకూడదుగా" అన్నాడు ఆశగా. చివరికి ఏడు పెట్టెలు తోసేశారు, మిగతావి వీలైనంత జరిపారు, ఒరిగిన బండిని పీతలా పక్కకి నడిపి దించారు. తోసేసిన పెట్టెలు ఎక్కడ పడ్డాయో వెతకడానికి తర్వాతి వారం సరిపోయింది.

అసలు ఇలాంటి బండి నిజంగా ఎవరూ ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. 1955లో హెలికాప్టర్లు చేసే హిల్లర్ కంపెనీ వాళ్ల ఎగిరే వేదిక ఒకటి పైకి లేచింది, గుండ్రటి ఫ్యాన్ గొట్టం మీద మనిషి నిలబడి, ఎటు వంగితే అటు పోయేది. దాని స్థిరత్వమే దానికి శత్రువైంది. వేగం పెంచుదామని ముందుకి వంచితే ఆ గొట్టం మళ్లీ నిటారుగా అయిపోయేది, అందుకే వేగం రాలేదు. 1958లో పియాసెకీ అనే మరో హెలికాప్టర్ కంపెనీ వాళ్ల ఎగిరే జీపు అమెరికా సైన్యం కోసం ఎగిరింది, ముందొక ఫ్యాను వెనకొక ఫ్యాను, మధ్యలో సీట్లు, పైన ఆకాశం. చివరికి సైన్యం మామూలు హెలికాప్టర్లే మేలనుకుంది. ఈ రెండూ కిందకి గాలి కొట్టి లేచేవే, అదే పెద్ద తేడా. ఫ్యాను బండి పక్కన ఎవరూ మాట్లాడలేరు, దుమ్ములో ఏదీ కనిపించదు. ఎయిర్ రాఫ్ట్ కిందకి ఏమీ కొట్టదు. బాల్కనీ అంచున నిశ్శబ్దంగా ఆగి, లోపలున్నవాళ్లతో గుసగుసగా మాట్లాడగలదు. మా ఆటలో జరిగిన మంచి దొంగతనాలన్నీ ఈ ఒక్క సుగుణం మీదే నడిచాయి.

రేటింగ్ ఇవ్వాలంటే ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది గాలికి అంకె లేనందుకు, టన్నుల గందరగోళానికి కలిపి. వాహనాల్ని పూర్తి లెక్కలతో కట్టుకోవాలనుకునేవాళ్లకి ట్రావెలర్ వేసిన కంపెనీయే 1981లో స్ట్రైకర్ అనే రూల్స్ సెట్ తెచ్చింది, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని కూర్చోవాలి. నాకు ఆఫీసులో చేసేది చాలు. నలుగురు ఆటగాళ్లుండి, ఒక పేరాని సాగదీసే ఓపిక ఉన్న రిఫరీకి ఎయిర్ రాఫ్ట్ సరిపోతుంది. దూరాలు గబగబా దాటించి కథలోకి వెళ్లాలనుకునేవాళ్లు అదే పుస్తకంలో ఉన్న మూత బండ్లు తీసుకోవడమే మంచిది. ఇందులో భూమి చుట్టూ ఒక రౌండు కొట్టాలంటే 400 గంటలు, అంటే పదిహేడు రోజులు సీట్లోనే. బాత్రూం గురించి కూడా పేరాలో ఒక్క మాట లేదు.

పోయినవారం మావాళ్ల చేతికి కాస్త డబ్బొచ్చింది. ఓడ యార్డులో బండికి గాజు మూత పెట్టిస్తే ఎంతవుతుందని పైలట్ అడిగాడు, ధర చెప్పాను, కొనగలరు కూడా. నలుగురూ పది నిమిషాలు గొణుక్కున్నారు. చివరికి నాలుగు నడుం పట్టీలు, నలభై మీటర్ల తాడు, ఆరు ఫిల్టర్ మాస్కులు కొన్నారు.